బారో తీరాన విల్ రోజర్స్

తన కుమారుడు బోధకుడు కావాలని ఆ తల్లి ఆశ. ఆమె పేరు మేరీ, మెథడిస్టు విశ్వాసి. కుమారుడికి పదేళ్ల వయసులో, 1890లో, ఆమె కన్నుమూశారు. నేటి ఓక్లహామా ప్రాంతంలో 1879లో చెరోకీ కుటుంబంలో పుట్టిన ఆ బాలుడే విల్ రోజర్స్. ఆయన సంఘపు వేదిక ఎక్కలేదు. పశువులను పట్టే తాడు చేతపట్టి నాటక వేదిక ఎక్కారు. తాడు తిప్పుతూ జనాన్ని నవ్వించారు, సినిమాల్లో నటించారు, పత్రికల్లో రోజూ రాశారు.

తల్లి ప్రార్థన వృథా అయిందా? మనం తొందరపడి తీర్పు చెప్పకూడదు. 1931లో కరువు వచ్చినప్పుడు ఆయన ఓక్లహామా, టెక్సాస్, ఆర్కాన్సాలలో ఊరూరా ప్రదర్శనలిచ్చి, వచ్చిన సొమ్మును బాధితుల కోసం రెడ్‌క్రాస్‌కు అప్పగించారు. అదే ఏడాది నికరాగువాలో భూకంపం వస్తే అక్కడికీ వెళ్లారు.

1935లో మిత్రుడు వైలీ పోస్ట్‌తో కలిసి అలాస్కా ప్రయాణమయ్యారు. పోస్ట్ 1933లో ఒంటరిగా విమానంలో భూమిని చుట్టివచ్చిన మొదటి వ్యక్తి. ఒక కన్ను పోవడంతో దానికి గుడ్డ కట్టుకునేవారు. రెండు విమానాల భాగాలు కలిపి తయారుచేసిన విమానం ఆయనది. నీటిపై దిగడానికి చక్రాలు తీసి బరువైన ఫ్లోట్లు బిగించారు. దాంతో ముందుభాగం మరీ బరువెక్కింది. ఇంజిన్ బలంగా తిరిగినంతసేపే దాని ముక్కు పైకి నిలుస్తుంది.

ఆగస్టు 15న ఫెయిర్‌బ్యాంక్స్ వైపు నుంచి ఉత్తరాన ఉన్న బారోకు వెళ్తూ పొగమంచులో దారి తప్పారు. (2016 నుంచి ఆ ఊరి పేరు ఉట్కియాగ్విక్.) తీరాన ఒక లోతులేని ఉప్పుకయ్యలో దిగి, అక్కడ గుడారం వేసుకున్న ఇన్యుపియాట్ వేటగాడు క్లేర్ ఓక్పియహాను దారి అడిగారు. ఆయన చూపించారు. విమానం లేచింది. అంతలోనే ఇంజిన్ ఆగిపోయింది. ముక్కు వాలి, విమానం నీటిలో తలకిందులుగా కూలింది. ఇద్దరూ చనిపోయారు.

ఓక్పియహా కేకలు వేశారు. జవాబు లేదు. అప్పుడు పరుగు మొదలుపెట్టారు. రోడ్డు లేదు, తడి నేల, పది మైళ్లకు పైగా దూరం. తాను ఎవరి కోసం పరుగెడుతున్నారో ఆయనకు తెలియదు. అమెరికా అంతా ఎరిగిన పేరు ఆ వేటగాడు వినలేదు. బారో చేరి, ఒకరి కంటికి గుడ్డ ఉందని చెప్పాకే అక్కడివారికి విషయం అర్థమైంది.

ఆ మంచు ఊరిలో ఒక ప్రెస్బిటేరియన్ మిషన్ ఆసుపత్రి ఉండేది. ఊరివారు పడవలో ఆ దేహాలను తెచ్చారు. మిషనరీ వైద్యుడు హెన్రీ గ్రీస్ట్, మరికొందరు కలిసి, అరిమతయియ యోసేపు చేసినట్టే, వాటిని శుభ్రపరచి వస్త్రాల్లో చుట్టారు. విల్ రోజర్స్‌కు అప్పటికి 55 ఏళ్లు.