ఒంటిపొర రెక్కల సాధకుడు ఓటో లిలియెంతాల్

బేతంచెర్ల చుట్టుపట్ల నాపరాతి నేలలు మధ్యాహ్నపు ఎండకు కాగినప్పుడు వాటిపై గాలి వేడెక్కి పైకి లేస్తుంది. ఆ గాలి ఆసరాతో గ్రద్దలు రెక్క ఆడించకుండానే వలయాలు తిరుగుతూ పైకి పోవడం మన విద్యార్థులు ఎరిగినదే. కొండవాలుకు తగిలిన గాలి కూడా అట్లే పైకెగసి పక్షిని మోస్తుంది. దీనిని చూచి ముచ్చటపడినవారు కోకొల్లలు. కొలిచి చూచినవారు మాత్రం అరుదు. అట్టి అరుదైన వ్యక్తి చరిత్రను ఇక్కడ సంగ్రహంగా తెలుపుతున్నాము.

ఆయనకు పూర్వమూ సాహసికులు లేకపోలేదు. 9వ శతాబ్దంలో కార్డోబా విద్వాంసుడు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ రెక్కలు కట్టుకొని ఎగిరి, దిగేటప్పుడు గాయపడినట్లు చరిత్రకారుడు అల్ మక్కరీ వ్రాసినాడు. అయితే అది ఒకనాటి ప్రయత్నం. లిలియెంతాల్‌ది నిత్యాభ్యాసం.

ఓటో లిలియెంతాల్ 1848 మే 23న జర్మనీలోని ఆంక్లాం పట్టణంలో జన్మించినారు. పిన్ననాడే తండ్రి గతించినాడు. తమ్ముడు గుస్టావ్‌తో కలసి కొంగల గమనాన్ని పరిశీలించేవారు. బెర్లిన్‌లో యంత్రవిద్య నేర్చి, 1880లలో ఆవిరి యంత్రాల, బాయిలర్ల కర్మాగారం స్థాపించినారు. లాభాలలో నాలుగవ వంతు కార్మికులకు పంచినారు. ఎగురుట ఒక్కటే ఆయన ఘనత కాదని చెప్పడానికే ఈ ముచ్చట.

నిలువు ఇరుసుపై తిరిగే చేతికి రకరకాల రెక్కలు బిగించి, గాలి వాటిని ఎంత బలంతో ఎత్తుతుందో ఆయన కొలిచినారు. సమతలంగా ఉన్న రెక్క కంటె కొద్దిపాటి వంపు గల రెక్క మేలని తేలింది. 1889లో ఆ ఫలితాలను పక్షుల గమనాన్ని గురించిన గ్రంథంగా ప్రకటించినారు.

1891లో డెర్విట్స్ వద్ద సుమారు 25 మీటర్ల దూరం తేలగలిగినారు. రినో కొండలలో ఆ దూరం 250 మీటర్లకు పెరిగింది. 1894లో బెర్లిన్ సమీపాన 15 మీటర్ల ఎత్తు గుట్టను స్వయంగా పోయించుకొన్నారు. ఆయన వాడుక గ్లైడరు సుమారు 20 కిలోలు. విల్లో బద్దలపై ఒకే పొర నూలుగుడ్డ. గబ్బిలపు రెక్కవలె ముడుచుకొనే ఏర్పాటూ ఉండేది. చేతులతో పట్టు దొరకించుకొని, వ్రేలాడే కాళ్లను ముందుకు వెనుకకు ఊపి శరీరభారంతోనే తూకం నిలిపేవారు. దాదాపు 2000 సార్లు ఎగిరినారు.

ఈ తూకమే ప్రాణాంతకమైంది. 1896 ఆగస్టు 9న గొల్లెన్‌బర్గ్ కొండవద్ద గ్లైడరు ముందుభాగం పైకెత్తి వేగం చచ్చింది. ఎంత ముందుకు ఒరిగినా అది మరల సరికాలేదు. సుమారు 15 మీటర్ల నుండి పడి వెన్నెముక విరిగింది. మరునాడు బెర్లిన్‌లో కన్నుమూసినారు. భార్య, నలుగురు బిడ్డలు మిగిలినారు. ఆ మరణవార్తయే అమెరికాలో రైట్ సోదరులకు విమానవిద్యపై ఆసక్తిని రగిల్చింది. శరీరభారంపై ఆధారపడరాదని వారు రెక్కలనే మెలిపెట్టే ఉపాయం కనుగొన్నారు. ఆయన లెక్కల పట్టికలనూ 1901లో తిరిగి పరీక్షించినారు. గురువును పరీక్షించుట అవమానం కాదని మా అభిప్రాయం.

ఒంటిపొర రెక్క అంతటితో మరుగునపడలేదు. 1965లో డేవిడ్ బారిష్ అమెరికా కొండవాలుపై బద్దలు లేని ఒంటిపొర గుడ్డరెక్కతో ఎగిరినాడు. నేటి పారాగ్లైడర్లు సామాన్యంగా రెండు పొరలవి. నడుమ గాలి నిండి గట్టిపడతాయి. పర్వతారోహకులు కొందరు క్రిందిపొర తీసివేసిన రకాన్ని ఎంచుకొంటున్నారు. అందులో కొన్ని రెక్కలు రెండు కిలోలకు లోపే. శిఖరం వరకు వీపున మోసికొనిపోయి, ఇరుకు చోటున విప్పి, నడిచి దిగవలసిన దారిని గాలిలో దిగివస్తారు.