శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్ గారి జీవితము

కోఠీలోని పాత బ్రిటిషు రెసిడెన్సీ భవనమున 1949వ సంవత్సరము మొదలుకొని స్త్రీల కళాశాల నడచినది. నేడది మహిళా విశ్వవిద్యాలయము. అచ్చటికి చేరువనే నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు 1928వ సంవత్సరమున నెలకొల్పిన బాలికల పాఠశాల గలదు. ఉర్దూ రాజభాషగా నున్న దినములలో తెలుగు బిడ్డలకు తెలుగుననే చదువు చెప్పిన విద్యాలయమది. ఈ రెంటిని తలచుకొని సంతసింపనివారుండరు. కాని ఇట్టి విద్యాలయములు సకాలమున చదువు మొదలిడిన వారికే యుపయోగపడును. చిన్ననాటనే పెండ్లియై, బిడ్డల తల్లియై, లేదా భర్తను గోల్పోయి, ఇరువదియైదవ యేటనో ముప్పదవ యేటనో చదువుకొనవలెనని కోరిన స్త్రీ యెచ్చటికి పోవలెను? ఏడేండ్ల పిల్లల నడుమ బల్లపై కూర్చుండుటకు ఆమెకు సిగ్గు. కూర్చుండనిచ్చుటకు బడివారికి నిబంధనలడ్డు. ఈ ప్రశ్నకు తన జీవితమునే సమాధానముగా చూపిన వనిత దుర్గాబాయిగారు. నారాయణగూడ దాటి విద్యానగరమునకు పోవువారికి ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళాసభ వైద్యశాల నేటికిని కానవచ్చును.

మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము. తమ యాస్తిని పరుల పాలు చేయు కాగితముపై, అందేమి వ్రాసియున్నదో యెరుగకయే వ్రేలిముద్ర వేసిన స్త్రీలను చూచితిమి. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ శాసనము స్త్రీకి ఆస్తిహక్కు నిచ్చినది. శాసనము హక్కు నీయగలదు గాని, ఆ హక్కును చదివి తెలిసికొను నేర్పును ఈయజాలదు. ఆ నేర్పు నెవరో ఒకరు చేరువ కూర్చుండి నేర్పవలెను. అందుచేతనే శాసనములు చేసిన సభలలో దుర్గాబాయిగారు గడపిన కాలముకంటె, పాఠములు చెప్పిన గదులలో ఆమె గడపిన కాలమును గూర్చియే యిచ్చట విరివిగా వ్రాయుచున్నాము.

దుర్గాబాయి 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఆ పట్టణముననే 1881వ సంవత్సరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఈ బాలిక పుట్టునాటికి పంతులుగారు జీవించియే యుండిరి. అయినను సంస్కారము పుట్టిన యూరిలో దురాచారము చచ్చిపోలేదు. ఎనిమిదవ యేటనే ఈ బాలికకు వివాహము చేసిరి. పెండ్లి యన నేమో తెలియని వయస్సున జరిగిన ఆ పెండ్లిని, బుద్ధి యెదిగిన పిమ్మట, సుమారు పదునైదవ యేట, ఆమె అంగీకరింపలేదు. ఇష్టమైన కన్యను పెండ్లాడుమని భర్తకు తానే చెప్పి విడిపోయెను. తండ్రియు సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. ఆ దినములలో ఒక బాలికకు ఇంటివారి యండ లభించుట యెంత యరుదో చదువరులు ఊహింపగలరు.

అంతకు మునుపే కాకినాడలో ఆమె సేవాజీవితమారంభమైనది. 1921వ సంవత్సరమున గాంధిగారు ఆ పట్టణమునకు వచ్చినప్పుడు, దేవదాసీలును, ఘోషాలోనుండు మహమ్మదీయ స్త్రీలును ఆయన మాటలు వినవలెనని ఈ పన్నెండేండ్ల బాలిక పట్టుపట్టెను. అయిదువేల రూపాయల నిధి సమకూర్చినచో ఆయన వచ్చునని పెద్దలు చెప్పగా, ఆ స్త్రీలచేతనే నిధి కూర్పించి సభ జరిపించెను. ఆ సభలో గాంధిగారి ప్రసంగమును తెలుగున చెప్పినదియు ఈ బాలికయే. సంఘము వెలివేసిన స్త్రీలనే మొదటగా పిలువవలెనను బుద్ధి ఆ వయస్సుననే ఆమెకు కలిగినది. తుదివరకు అది విడువలేదు.

1923వ సంవత్సరాంతమున కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరుగనుండెను. ఉత్తరదేశమునుండి వచ్చు ప్రతినిధులతో మాటలాడుటకు హిందీ తెలిసిన స్వయంసేవికలు కావలసియుండిరి. అందుకై దుర్గాబాయి బాలికా హిందీ పాఠశాలను పెట్టి, తాను నేర్చిన హిందీని ఇరుగుపొరుగు స్త్రీలకు నేర్పెను. చదువుకొన వచ్చినవారు వందలకొలది; వారిలో ఆమె తల్లియు నొకతె. తల్లి శిష్యురాలై కూర్చుండగా కుమార్తె గురువై పాఠము చెప్పిన ఆ దృశ్యములోనే ఆమె తరువాతి కార్యమంతయు బీజరూపమున నున్నది. పనికి ఒక గడువు కలదు, నేర్చిన వెంటనే దానికొక యుపయోగము కలదు, నేర్పునది తమలో నొకతెయే: ఈ మూడును కూడినచో పెద్దవయస్సున చదువు రాదను మాట వట్టిదని అప్పుడే తేలినది. ఆ మహాసభతోపాటు జరిగిన ఖద్దరు ప్రదర్శనమున ద్వారము కడ నిలిచిన ఈ బాలిక, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే లోనికి పోనీయక, నిర్వాహకులు టిక్కెట్టు కొనిన పిమ్మటనే విడిచిన కథ లోకమున ప్రసిద్ధము.

1930వ సంవత్సరమున ఉప్పుసత్యాగ్రహము వచ్చెను. మద్రాసులో పాల్గొని దుర్గాబాయిగారు చెరసాల కేగిరి. 1933వ సంవత్సరము లోపల మూడుమారులు శిక్ష పొందిరి. మధుర కారాగారమున ఏకాంతవాసమును అనుభవించిరి. ఆ చెరసాలలలో హత్యానేరములపై శిక్షలు పడిన స్త్రీలను కలిసికొనిరి. వారిలో పలువురికి తమపై మోపిన నేరమేమో, దానికి తామేమి చెప్పుకొనవలెనో తెలియదు. చదువురాని వారి నోటినుండి వచ్చిన తెలిసీతెలియని మాటలే వారి మెడకు త్రాళ్ళయ్యెను. తాను న్యాయశాస్త్రము చదివి ఇట్టివారికి ఉచితముగా తోడ్పడవలెనని ఆమె నిశ్చయించుకొనినది ఆ గోడల నడుమనే.

కాని న్యాయశాస్త్రము చదువుటకు ముందు బి. ఏ. కావలెను, దానికి ముందు మెట్రిక్యులేషను కావలెను. ఆంగ్లమున బోధనయని బాల్యముననే పాఠశాలను విడిచిన ఆమెకు, ఇరువది దాటిన వయస్సున, అక్షరముల కడనుండి ఆంగ్లము నేర్చుకొనవలసివచ్చెను. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషనుకు ఇంటనుండి చదివి ఉత్తీర్ణురాలైరి. ఆనర్సు తరగతికై ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు పోగా, అచ్చట స్త్రీలకు వసతిగృహము లేదనిరి. ఆమె వెనుదిరుగక, పత్రికలో ప్రకటన వేయించి, చదువగోరు మరికొందరు బాలికలను కూర్చుకొని తామే యొక వసతి నేర్పరచుకొనిరి. రాజనీతిశాస్త్రమున ఆనర్సు ముగించి, మద్రాసున న్యాయశాస్త్రము చదివి, ఆ న్యాయస్థానమున వకీలైరి. పెద్దవయస్సు చదువులోని కష్టమును పుస్తకములలో చదివి తెలిసికొనినవారు కారామె, అనుభవించి తెలిసికొనినవారు.

ఆ విద్యార్థిదశలోనే, 1937వ సంవత్సరమున, మద్రాసులోని మైలాపూరున ఇరుగుపొరుగు పిల్లలను చేర్చుకొని ఒక చిన్న బృందమును ప్రారంభించిరి. అదియే పెరిగి ఆంధ్ర మహిళాసభ యైనది. చుట్టుప్రక్కల తెలుగు కుటుంబములలో చదువు నడుమ నాగిపోయిన స్త్రీలు పెక్కండ్రుండిరి. వారికి తాను పోయిన త్రోవనే చూపిరి. ఏడెనిమిదేండ్లు పట్టు చదువును రెండేండ్లలో ముగించి, కాశీ మెట్రిక్యులేషను పరీక్షకు కూర్చుండజేయుటయే ఆ త్రోవ. ఇది మాయ కాదు. పెద్దదాని బుద్ధి పిల్లదాని బుద్ధివలె వట్టిది కాదు. సంసారమున ఆమె లెక్క వేసినది, బేరమాడినది, రోగికి పథ్యము పెట్టినది, నలుగురి మనస్సు లెరిగినది. ఆ తెలివికి అక్షరము నంటించుటయే గురువు పని. కావున పిల్లలకు పట్టిన కాలము ఆమెకు పట్టదు.

చదువుతోపాటు కుట్టు, నేత మొదలగు చేతిపనులు నేర్పిరి. పిమ్మట రోగులకు పరిచర్య నేర్పిరి. ఇందులో ఒక వివేకము గలదు. పరీక్ష గట్టెక్కువరకు ఆమెకు అన్నమెవరు పెట్టుదురు? చేతిపని వలన నెలకు కొన్ని రూపాయలు వచ్చినచో, అత్తవారింట ఆమె చదువును వ్యర్థమని త్రోసిపుచ్చరు. పనికి వెల వచ్చిన దినమున మనిషికిని విలువ వచ్చును.

ఈ పట్టున ఒక సంగతి చెప్పక విడువరాదు. తాను విడిపోయిన భర్త 1941వ సంవత్సరమున మరణింపగా, ఆయన రెండవ భార్య దిక్కులేనిదయ్యెను. సామాన్యుల లోకములో ఈ యిద్దరు స్త్రీలు ఒకరి ముఖ మొకరు చూడరు. దుర్గాబాయిగారు మాత్రము ఆమెను చేరదీసి, చేతిపని నేర్పించి, ఇతరులకు నేర్పు ఉపాధ్యాయినిగా తన కాళ్ళపై నిలువజేసిరి. సంస్కరణమును గూర్చి ఉపన్యసించువారు పెక్కండ్రు గలరు. తమ యింటి గాయముననే దానిని పరీక్షకు పెట్టువారు కొలదిమంది.

1946వ సంవత్సరమున రాజ్యాంగసభకు ఎన్నికైన పదునేవురు స్త్రీలలో ఆమె యొకరు. అచ్చట ఆమె స్త్రీల ఆస్తిహక్కును, హిందూస్థానీ భాషను సమర్థించిరి. 1952వ సంవత్సరపు ఎన్నికలలో గెలుపు దొరకలేదు. పిమ్మట ప్రణాళికాసంఘ సభ్యురాలైరి. 1953వ సంవత్సరము జనవరి 22వ తేదీన ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ దేశముఖ్ గారిని వివాహమాడిరి. ఎనిమిదవ యేట ఇతరులు చేసిన పెండ్లికిని, నలుబదిమూడవ యేట తానెంచుకొనిన పెండ్లికిని నడుమ నున్న దూరమే మన సంఘము నడువవలసిన దూరము.

ఆ సంవత్సరము ఆగస్టు నెలలో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడగా దానికి ఆమె మొదటి అధ్యక్షురాలైరి. అప్పటి దేశస్థితి నెరుగవలెను. 1951వ సంవత్సరపు జనాభా లెక్కలలో అక్షరజ్ఞానము గలవారు పురుషులలో నూటికి 27 మంది, స్త్రీలలో నూటికి 9 మంది కూడ లేరు. గ్రామములకు ఉపాధ్యాయినులు, మంత్రసానులు, నర్సులు, గ్రామసేవికలు వేలకొలది కావలసియుండిరి. ఉద్యోగములు సిద్ధము, వానికి తగిన చదువుగల స్త్రీలు లేరు. మరియొక వంక ఆ గ్రామములలోనే వితంతువులు, విడువబడినవారు పనిలేక పరాధీనలై యుండిరి. ఈ రెండు కొరతలను ఒకదానితో నొకటి తీర్చవలెనని 1958వ సంవత్సరమున మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాతరగతులను దేశమంతటను ప్రారంభించెను. మైలాపూరులో పరీక్షింపబడిన త్రోవ యిట్లు రాజమార్గమయ్యెను. ఆ సంవత్సరముననే స్త్రీవిద్యపై నియమింపబడిన జాతీయసంఘమునకును ఆమెయే అధ్యక్షురాలు. 1959వ సంవత్సరమున ఆ సంఘము నివేదిక నర్పించెను.

1956వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ మేర్పడిన పిమ్మట, మహిళాసభ హైదరాబాదునను వేళ్ళూనినది. ఇచ్చటి వైద్యశాల, కళాశాల, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంతమునందలి సాక్షరతా భవనము ఆ కృషికి ఫలములు. 1975వ సంవత్సరమున ప్రభుత్వము ఆమెకు పద్మవిభూషణ బిరుదము నిచ్చెను. 1981వ సంవత్సరము మే 9వ తేదీన ఆమె దేహము చాలించిరి.

చదువరులారా! ఈ చరిత్రము వినుటకింపుగా నున్నదని పుస్తకము మూసి లేచినచో ప్రయోజనము లేదు. 2011వ సంవత్సరపు లెక్కలలోను మన దేశమున స్త్రీలలో అక్షరజ్ఞానము గలవారు నూటికి దాదాపు 65 మందియే. అశోకనగరమున పోటీపరీక్షలకు శిక్షణ నిచ్చు గదులు కిటకిటలాడుచున్నవి. చిక్కడపల్లి గ్రంథాలయమున యువతీయువకులు ఉదయమునుండి రాత్రివరకు చదువుచున్నారు. ఇది శుభమే. కాని ఆ వీథులలోనే ఇండ్లలో పాత్రలు తోమి బ్రదుకు స్త్రీకి, తన బిడ్డ ప్రగతిపత్రముపై వ్రాసినదేమో తెలియదు.

స్త్రీలకు తరగతులు పెట్టుచున్నామని చెప్పు సంఘములు కొన్ని గలవు. వానిలో కొన్ని కుట్టుయంత్రములు పంచి, పటము తీయించుకొని మరచును. కుట్టినది కొనువారెవరో చూడనిచో యంత్రము మూలబడును. అక్షరము నేర్పి పరీక్షకు పంపనిచో అక్షరము మరపునకు వచ్చును. ఉదయము పదిగంటలకు తరగతి పెట్టి స్త్రీలు రాలేదని నిందించుట వ్యర్థము. ఆ వేళ ఆమె పరుల యింట పనిలో నుండును. ఆమెకు తీరిక గల వేళ తరగతి నుండవలెను; పసిబిడ్డను చూచుకొనుటకొకరుండవలెను; తుదిని ఒక పరీక్షయు, దాని వెంట ఒక జీవనోపాధియు నుండవలెను. దుర్గాబాయిగారు నేర్పిన పాఠమింతే.

ఇందుకు మహాసంస్థలు కావలెనని యెంచవలదు. మైలాపూరు సభ ఒక గదిలో పుట్టినది. కాకినాడ పాఠశాలను బడియీడు బాలిక పెట్టినది. మన యింట ఒక గదియు, దినమునకు రెండు గంటలును, చదువుకొనిన ఒక కుమార్తెయు నున్నచో మొదలిడుటకు చాలును. మొదట ఆమె తన తల్లికి నేర్పవలెను. పిదప మన యింట పనిచేయు స్త్రీని కూర్చుండబెట్టవలెను. ఆ స్త్రీ తన పేరు తాను వ్రాసిన దినమున, వ్రేలిముద్రల సిరాబుడ్డి ఒక యింటనైనను ఎండిపోవును.