అక్సుం రాజు ఎజానా

ఆఫ్రికా అనగానే మీకు ఎడారులు, అడవులు గుర్తుకు రావచ్చు. ఇథియోపియా ఉత్తర భాగం మాత్రం ఎత్తయిన పీఠభూమి. అక్కడ 2,000 మీటర్లకు పైగా ఎత్తున అక్సుం నగరం ఉంది. చల్లని వాతావరణం, వేసవి వానలు, మంచి పంటలు. దిగువన ఎర్రసముద్రపు ఒడ్డున అదులిస్ రేవు ఉండేది. రెంటికీ మధ్య ఎనిమిది రోజుల ప్రయాణం. క్రీ.శ. 4వ శతాబ్దంలో ఈ కొండలనూ, ఆ రేవునూ ఏలినవాడు ఎజానా.

తండ్రి మరణించేనాటికి ఇతడు బాలుడనీ, తల్లి రాజ్యం చూసిందనీ ఒక పాత కథనం. ఓడపై జరిగిన దాడిలో బందీగా చిక్కి ఆస్థానంలో పెరిగిన ఫ్రుమెన్షియస్ ఆమెకు తోడ్పడ్డాడట. పెద్దయ్యాక ఎజానా క్రైస్తవుడయ్యాడు. దీనికి సాక్ష్యం ఎక్కడుందో తెలుసా? అతని నాణేలపైనే! మొదటివాటిపై నెలవంక, తరువాతివాటిపై శిలువ కనిపిస్తాయి.

అక్సుం సంపదకు ఏనుగు దంతం ముఖ్యం. అది నైలు నది అవతలి నుండి అక్సుం మీదుగా రేవుకు చేరేది. పడమటి దారులు చేజారితే రేవులో వ్యాపారం దెబ్బతినేది. తన దూతలను దోచుకున్నారని ఎజానా నుబా ప్రజలపై దండెత్తి, నైలు దాకా వెళ్ళాడు. ఆ సంగతి రాళ్ళపై చెక్కించాడు.

రుతుపవనాల సాయంతో మన దేశపు నూలుబట్టలు, ఇనుము అదులిస్ చేరేవి. ఇథియోపియాలోని దెబ్రె దామో వద్ద కుషాణుల బంగారు నాణేలు కూడా దొరికాయి. పటం తీసి, అవి ఏ దారిన వెళ్ళి ఉంటాయో గుర్తించండి.