వాల్టరు బ్రాటెయిను

మోటారు కారులో పాట వినిపించు ఆంప్లిఫయరు చెడినపుడు దాని పైమూత విప్పి చూచినచో, లోపలి పలకపై బియ్యపుగింజకన్న చిన్నవైన నల్లని తునకలు అతికించబడి కనబడును. మూడేసి కాళ్లు గల ఆ తునకలలో పెక్కు ట్రాన్సిస్టరులు. వాని వీపుపై పూర్తి పేరు వ్రాయుటకు చోటు చాలదు. రెండు మూడు అక్షరములో, అంకెలో మాత్రమే ముద్రింతురు. ఒక్క గుర్తునే వేర్వేరు కంపెనీలు వేర్వేరు వస్తువులకు వాడుటయు కలదు. కావున ఏ తునక యెట్టిది, ఏ కాలు దేనికి అని తెలిసికొనుట మరమ్మతు చేయువానికి కలుగు మొదటి చిక్కు. లోకమున మొదటి ట్రాన్సిస్టరును తన చేతులతో కూర్చి, దాని మూడు తాకిడులలో ఏది యే పని చేయుచున్నదో పరీక్షించి చూచినవాడు వాల్టరు బ్రాటెయిను.

ఆయన 1902వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన చైనాదేశమందలి అమోయి పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులు అమెరికావారు. తండ్రి యచట ఉపాధ్యాయుడుగా నుండెను. మరుసటి యేడే వారు స్వదేశమునకు మరలిరి. వాషింగ్టన్ రాష్ట్రమున టొనాస్కెట్ అను ఊరికడ ఆ కుటుంబమునకు పశువుల మందయు, పిండిమరయు ఉండెను. బాలుడు పశువులను కాయుచు పెరిగెను. ఆయన విట్మన్ కళాశాలలో 1924లో పట్టము పొంది, 1929లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునందెను. ఆ యేడే బెల్ టెలిఫోను ప్రయోగశాలలో చేరెను.

ఆ కాలమున దూరపు మాటలను బలపరచి వినిపించుటకు గాజు వాల్వులే ఆధారము. అవి వేడెక్కును, విద్యుత్తును మింగును, కొంతకాలమునకు మాడిపోవును. వానికి బదులుగా ఘనపదార్థముతోనే ఆ పని చేయింపవలెనని బెల్ ప్రయోగశాలవారి కోరిక. 1945లో విలియం షాక్లీ నాయకుడుగా ఒక బృందమేర్పడెను. జాన్ బార్డీను సిద్ధాంతము నాలోచించువాడు. బ్రాటెయిను దానిని చేతలలో పరీక్షించువాడు. ఈ ఇరువురకును మంచి పొత్తు కుదిరెను.

1947 డిసెంబరులో ఒక పొరపాటు జరిగెను. జెర్మేనియము పలకపై బ్రాటెయిను కావలెనని పలుచని ఆక్సైడు పొర నేర్పరచియుండెను. పలకను కడిగినపుడు ఆ పొరయు కొట్టుకొనిపోయినదని పిమ్మట తెలిసెను. మరియొకడైనచో విసుగుకొని పలకను పారవైచియుండును. ఆయన యట్లు చేయక, బంగారము నేరుగా జెర్మేనియమును తాకినపుడు కలుగు ఫలితమును శ్రద్ధతో గమనించెను. దారి దొరకినది అచటనే.

రెండు తాకిడులు మిక్కిలి దగ్గరగా నుండవలెనని వారికి తోచెను. బ్రాటెయిను త్రికోణాకారపు ప్లాస్టిక్ ముక్క అంచున బంగారు రేకు నతికించి, కొనయొద్ద బ్లేడుతో దానిని చీల్చెను. ఆ చీలిక సుమారు 0.05 మిల్లీమీటరు! చేయి కొంచెము వణకినను పని చెడును. ఆ ముక్కను స్ప్రింగుతో జెర్మేనియముపై అదిమియుంచెను. డిసెంబరు 16వ తేదీన అది పనిచేసెను. 23వ తేదీన పై అధికారులు దానిగుండా మనుష్యుని కంఠస్వరమును బలపడి వినిరి. శక్తి సుమారు 18 రెట్లు పెరిగినట్లు బ్రాటెయిను తన పుస్తకమున వ్రాసికొనెను.

ఒక తాకిడి విద్యుదావేశమును లోనికి పంపును, అది ఎమిటరు. రెండవది దానిని సేకరించును, అది కలెక్టరు. జెర్మేనియము పలకయే పీఠమువలె అడుగున నుండుటచే దానికి బేసు అని పేరు వచ్చెను. నేటి ట్రాన్సిస్టరులో బేసు అడుగున లేదు, నడిమి పొరగా నున్నది. పేరు మాత్రము నిలిచిపోయినది.

నేటి మరమ్మతుదారుడును పరీక్షనే నమ్ముకొనవలెను. తునకను పలకనుండి ఊడదీసి, మీటరు కొనలను కాళ్లకు తాకించును. మామూలు సిలికాను ట్రాన్సిస్టరు బాగుగా నున్నచో బేసుకును, తక్కిన ఒక్కొక్క కాలికిని నడుమ ఒక దిశలో 0.6 లేక 0.7 వోల్టులు చూపును. కొనలు మార్చినచో మార్గము మూసికొనును. కలెక్టరు, ఎమిటరుల నడుమ ఎటు చూచినను శూన్యమే వచ్చినచో అది మాడిపోయినట్లే. మూడు కాళ్లున్నవన్నియు ట్రాన్సిస్టరులు కావు; కొన్నిటిలో జంట డయోడులుండును. గుర్తు చెరిగిపోయినచో ఒక ఉపాయము కలదు. ఆంప్లిఫయరున కుడి, ఎడమ భాగములు సాధారణముగా ఒకే తీరున నుండును గనుక, మాడినదానికి జోడైన మంచి తునక రెండవ భాగమున దొరకును.

బ్రాటెయినుకు కీర్తితోపాటు మనస్తాపమును కలిగెను. బంగారు రేకు ప్రయోగమున షాక్లీకి చేయి లేకపోయినను, ప్రచారమునకై తీసిన ఛాయాచిత్రమున ఆయనయే బ్రాటెయిను పరికరము ముందు కూర్చుండెను. ఆ చిత్రము బ్రాటెయినుకు కంటగింపయ్యెను. 1950లో పేటెంటు మాత్రము బార్డీను, బ్రాటెయినుల పేరనే వచ్చెను. షాక్లీ వేరుగా ఆలోచించి, మరింత మేలైన ట్రాన్సిస్టరును కనుగొనెను. అదియు చిన్న విషయము కాదు. అయినను బ్రాటెయిను ఆయన క్రింద పనిచేయనొల్లక వేరొక శాఖకు పోయెను. 1956లో ముగ్గురకును కలిపి నోబెలు బహుమానము లభించెను.

అంతకు ముందే ట్రాన్సిస్టరు కారులోనికి ఎక్కెను. వాల్వులకు హెచ్చు వోల్టేజి కావలసియుండుటచే కారు రేడియోలలో వైబ్రేటరు అను అదురు పరికరము నుంచెడివారు. 1955లో ఫిల్కో కంపెనీవారు క్రైస్లరు కారులకై అన్నియు ట్రాన్సిస్టరులే గల రేడియో చేసిరి. వైబ్రేటరుతో పని లేకపోయెను. తమాషా యేమనగా, గట్టి చప్పుడుకొరకు నేటి పెద్ద కారు ఆంప్లిఫయరులు 12 వోల్టులను మరల పెంచుకొనుచున్నవి. ఆ పనియు ట్రాన్సిస్టరులదే.

చిన్న రేడియోలు పేదలకును వార్తలు వినిపించుట బ్రాటెయినుకు సంతోషము. కాని హోరెత్తు రాక్ అండ్ రోల్ పాటలకు తన పరికరము తోడ్పడుట ఆయనకు బొత్తిగా గిట్టకుండెను. 1967లో బెల్ ప్రయోగశాలను విడిచి, తాను చదివిన విట్మన్ కళాశాలకే మరలిపోయి, విజ్ఞానశాస్త్రము ప్రధానముగా చదువని విద్యార్థులకు భౌతికశాస్త్రము బోధించెను. 1987 అక్టోబరు 13వ తేదీన సియాటిల్ నగరమున కన్నుమూసెను.