రోగిని ‘పనేంటి’ అని అడగమన్న డాక్టర్.. 300 ఏళ్ల కిందటి రమజ్జిని కథ మన వెల్డింగ్ షాపులకు ఎందుకు?

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్.. ఏ గల్లీలోకి వెళ్లినా ఎక్కడో ఓ చోట నీలం మెరుపు కనిపిస్తుంది. కిటికీ గ్రిల్స్, గేట్లు, షట్టర్లు, హాస్టళ్లలో వేసే ఇనుప మంచాలు.. అన్నింటికీ వెల్డింగ్ కావాల్సిందే. ఆ మెరుపు వంక చూడొద్దని పిల్లలకు చెప్తాం. దాంతోపాటు లేచే పొగ గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం. అలాంటి పొగల గురించి, వాటిని పీల్చేవాళ్ల గురించి పట్టించుకున్న డాక్టర్ ఒకాయన ఉన్నారు. పేరు బెర్నార్డినో రమజ్జిని. వృత్తి వ్యాధుల వైద్యానికి ఆయన్ని పితామహుడు అంటారు.

అసలు ఎవరీ రమజ్జిని?

1633లో ఇటలీలోని కార్పి అనే చిన్న ఊళ్లో పుట్టారు. పార్మాలో చదివి 1659లో వైద్య పట్టా అందుకున్నారు. మొదట రోమ్ వైపు పల్లెల్లో ప్రాక్టీస్ పెట్టారు. అక్కడ మలేరియా పట్టుకుంది. ఆరోగ్యం దెబ్బతిని సొంతూరికి తిరిగొచ్చేశారు. 1671లో దగ్గర్లోని మోడెనా పట్టణానికి మకాం మార్చారు. 1682లో అక్కడి యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. పేరు, హోదా, పెద్దింటి పేషెంట్లు.. అన్నీ ఉన్నాయి. అలాంటి మనిషిని మార్చేసింది ఓ పాకీ పని కార్మికుడు.

జీవితాన్ని మలుపు తిప్పిన గుంత

మోడెనాలో ఇళ్ల మరుగు గుంతలను కొన్నేళ్లకోసారి మనుషులే దిగి శుభ్రం చేసేవారు. ఓసారి రమజ్జిని ఇంట్లోనే ఆ పని జరుగుతోంది. గుంతలో ఉన్న మనిషి ఎవరో తరుముతున్నట్టు పని చేస్తున్నాడు. అంత తొందరెందుకని రమజ్జిని అడిగారు. నాలుగు గంటలు దాటి లోపలుంటే కళ్లు పోతాయని అతను చెప్పాడు. బయటికొచ్చాక రమజ్జిని అతని కళ్లు పరీక్షించారు. ఎర్రగా, మసకగా ఉన్నాయి. ఈ పని చేసేవాళ్లు ఇంటికెళ్లి చీకటి గదిలో తలుపులు వేసుకుని, గోరువెచ్చని నీళ్లతో కళ్లు కడుక్కుంటారని తెలిసింది. ఊళ్లో అడుక్కునే గుడ్డివాళ్లలో చాలామంది ఒకప్పుడు ఈ పని చేసినవాళ్లేనని కూడా గమనించారు.

ఇంకో విషయం ఆయన రాసిపెట్టారు. గుంతలో దిగేవాళ్ల జేబుల్లోని రాగి, వెండి నాణేలు నల్లబడిపోయేవట! ఆ రోజుల్లో గాలిని కొలిచే యంత్రాలు లేవు. గాలిలో ఏదో ఉందని చెప్పడానికి ఆ నాణెమే సాక్ష్యం.

షాపు షాపుకీ తిరిగిన ప్రొఫెసర్

అక్కణ్నుంచి రమజ్జిని కార్ఖానాల బాట పట్టారు. కమ్మరి కొలుములు, కుండల బట్టీలు, గాజు కార్ఖానాలు, సున్నం, జిప్సం పనులు.. అన్నీ తిరిగారు. పాదరసంతో బంగారు పూత వేసేవాళ్లకు తల, చేతులు వణకడం చూశారు. కుండలకు సీసం పూత పూసేవాళ్లు చేతులు పడిపోయి, పళ్లూడిపోయి బాధపడటం చూశారు. పొగాకు పనివాళ్లు, బట్టలుతికేవాళ్లు.. ఎవర్నీ వదల్లేదు.

1700లో ఇదంతా పుస్తకంగా వచ్చింది. లాటిన్‌లో రాసిన ఆ పుస్తకంలో దాదాపు 40 వృత్తులు, వాటితో వచ్చే జబ్బులు ఉన్నాయి. అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లకి ఓ ముచ్చట.. రోజంతా కూర్చుని చదివేవాళ్ల ఆరోగ్యం గురించి కూడా ఆయన ప్రత్యేకంగా రాశారు!

ఆ పుస్తకంలో అన్నిటికంటే పెద్ద మాట చాలా చిన్నది. అప్పటిదాకా డాక్టర్లు రోగిని నొప్పి ఎక్కడ, ఎన్ని రోజుల నుంచి, ఏం తిన్నావు అని అడిగేవారు. వీటికి ఇంకో ప్రశ్న కలపాలని రమజ్జిని చెప్పారు. అదే.. నువ్వు చేసే పనేంటి? పేదవాడి ఇంటికెళ్తే నాడి పట్టుకుని పరుగెత్తొద్దని, మూడు కాళ్ల పీట మీదైనా సరే కూర్చుని తీరిగ్గా మాట్లాడాలని తోటి డాక్టర్లకు సూచించారు. కూలీకి నెలల తరబడి వైద్యం కుదరదనీ ఆయనకు తెలుసు. జబ్బు పూర్తిగా తగ్గకుండానే మళ్లీ పనిలోకి వెళ్లిపోతాడని, అందుకే వాళ్లకు త్వరగా నయం చేసే దారి చూడాలని కోరారు.

చావుల రిజిస్టర్‌తో కోర్టుకి!

రమజ్జిని నమోదు చేసిన ఓ కేసు చదివితే ఇప్పటి సంగతే అనిపిస్తుంది. ఫినాలే అనే ఊళ్లో పాదరసంతో రసాయనం తయారుచేసే కార్ఖానా ఉండేది. దాని పొగతో జనం జబ్బు పడుతున్నారని స్థానికుడొకరు కోర్టుకెక్కారు. డాక్టర్ సర్టిఫికెట్‌తో పాటు చర్చిలోని మరణాల రిజిస్టర్ కూడా తెచ్చారు. కార్ఖానా చుట్టుపక్కల మిగతా చోట్ల కంటే ఎక్కువమంది చనిపోతున్నారని, ఛాతీ జబ్బులు ఎక్కువని వాదించారు. చివరికి కార్ఖానా యజమానే గెలిచాడు. కానీ లెక్కలు చూపించి పొగను బోనెక్కించొచ్చని ఆ కేసు చూపించింది.

1700లోనే పాడువా యూనివర్సిటీ ఆయన్ని పిలిచింది. కార్మికుల కళ్ల గురించి అంతగా ఆలోచించిన మనిషికి చివరి ఏళ్లలో తన చూపే పోయింది. అయినా ఆగలేదు. 1713లో మరో 12 వృత్తులు కలిపి పుస్తకాన్ని మళ్లీ తెచ్చారు. మరుసటి ఏడాది, 1714 నవంబర్ 5న కన్నుమూశారు.

మరి ఇప్పటి వెల్డింగ్ పొగ సంగతి?

రమజ్జిని కాలానికి కరెంటు వెల్డింగ్ లేదు. ఉంటే తప్పకుండా ఓ అధ్యాయం రాసేవారు. ఎందుకంటే ఇది మామూలు పొగ కాదు. ఆవిరైన లోహం గాలిలో చల్లబడి మళ్లీ గట్టిపడిన నలుసులు. చాలావరకు ఒక మైక్రాన్ కంటే చిన్నవి. నేరుగా ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లిపోతాయి.

మామూలు ఇనుము పనిలో మాంగనీస్ ఉంటుంది, అది నరాలను దెబ్బతీస్తుంది. స్టీల్ రెయిలింగ్ పనిలో క్రోమియం ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. జీఐ పైపులు అతికిస్తే జింకు పొగ వస్తుంది. అది పీల్చిన కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది కాబట్టి వైరల్ ఫీవర్ అనుకుని గోలీ వేసుకుంటారు. అంతే! 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ వెల్డింగ్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది.

కొలిచే పద్ధతి కష్టమేమీ కాదు. నడుముకు చిన్న పంపు, కాలర్ దగ్గర ఫిల్టర్ పెడతారు. కార్మికుడు పీల్చే గాలినే ఆ పంపు లాగుతుంది. షిఫ్ట్‌కు ముందు, తర్వాత ఫిల్టర్ తూస్తారు. ఎంత బరువు పెరిగితే అంత పొగ. భోపాల్ ప్రమాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ఇలాంటి వాటికి హద్దులు పెట్టారు. వెల్డింగ్ పొగకైతే 8 గంటల సగటున ఘనపు మీటరు గాలికి 5 మిల్లీగ్రాములు.

అసలు చిక్కు ఇక్కడే. ఆ చట్టం కరెంటు వాడే చోట కనీసం 10 మంది పనిచేస్తేనే ఫ్యాక్టరీగా చూసింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త కోడ్ ఆ సంఖ్యను 20కి పెంచింది. ఓనరు, ఇద్దరు కుర్రాళ్లు ఉండే మడిగెలో పొగను కొలిచేదెవరు?

మీరు చేయగలిగినవి ఇవీ..

తల పొగ మధ్యలో పెట్టొద్దు, గాలి పక్క నుంచి వీచేలా నిలబడండి. షట్టర్ దించి లోపల వెల్డింగ్ చేయొద్దు. పెయింట్, జింకు పూత ఉంటే అతికించే చోట ముందు గీకేయండి. నల్లద్దం కళ్లకు, ముఖానికి మాత్రమే రక్షణ, పొగను ఆపదు. కర్చీఫ్ కూడా ఆపదు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్క్ అంతకంటే ఎంతో మేలు. పాలు తాగితే, బెల్లం తింటే పొగ దిగిపోతుందన్నది నమ్మకం మాత్రమే. ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది కడుపులోకి వెళ్లే బెల్లంతో బయటికి రాదు.

చివరగా ఒకటి. దగ్గు, ఆయాసం, జ్వరమని బస్తీ దవాఖానాకు వెళ్తే, డాక్టర్ అడిగినా అడక్కపోయినా వెల్డింగ్ పని చేస్తానని చెప్పండి. చీటీ మీద ఆ మాట రాయమనండి. ఎన్నేళ్లుగా చేస్తున్నారో కూడా రాయమనండి. మన గల్లీల్లో పొగ కొలిచే పంపులు ఎప్పుడొస్తాయో గానీ, రమజ్జిని చెప్పిన ఆ ఒక్క ప్రశ్నకు ఖర్చేమీ లేదు.