మాయాబజార్ మాయ వెనుక పొన్నూరు ప్రాంత చిత్రకారుడు.. మా. గోఖలే గురించి తెలుసా?

ఫోన్ తీస్తే చాలు.. ఎక్కడో ఉన్న మనిషి కళ్ల ముందుకు వచ్చేస్తున్న రోజులివి. కానీ తెలుగు ప్రేక్షకులు ఈ వింతను 1957లోనే తెర మీద చూసేశారు. 'మాయాబజార్'లో శశిరేఖ ఓ పెట్టె మూత తెరుస్తుంది.. అందులో అభిమన్యుడు కనిపిస్తాడు. అదే ప్రియదర్శిని! అచ్చం ల్యాప్‌టాప్‌లా తెరుచుకునే ఆ పెట్టెను చూసి ఈ తరం కూడా ఆశ్చర్యపోతోంది.

ఆ ఊహ రచయిత పింగళి నాగేంద్రరావు, దర్శకుడు కేవీ రెడ్డిల కథలోది. మరి ఊహను కంటికి కనిపించే వస్తువుగా మార్చిందెవరు? ఆ పని కళా విభాగానిది. అందులోని ఇద్దరిలో ఒకరు మాధవపెద్ది గోఖలే. మరొకరు కళాధర్.

గోఖలే 1917లో పుట్టారు. సొంతూరు బ్రాహ్మణకోడూరు. తెనాలి, బాపట్ల మధ్య పొన్నూరు దగ్గరుంటుంది ఈ ఊరు. బొమ్మల మీద ఇష్టంతో మద్రాసు ఆర్ట్ స్కూల్లో చేరారు. అక్కడి గురువు మామూలు మనిషి కాదు.. మెరీనా బీచ్‌లోని శ్రామిక విజయం విగ్రహాన్ని రూపొందించిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి.

తర్వాత సినిమాల్లోకి వచ్చారు. నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థలో స్థిరపడ్డారు. ఈ చక్రపాణిదీ తెనాలే. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడి గుహ చూసి జనం జడుసుకున్నారు. ఆ లోకాన్ని కట్టింది గోఖలే, కళాధర్‌ల జంటే. 1961 నాటి 'జగదేకవీరుని కథ', 1962 నాటి 'గుండమ్మ కథ' కూడా వీళ్ల చేతి మీదుగా వచ్చినవే. ఒకటి దేవకన్యల లోకం, ఇంకొకటి మన పక్కింటి వసారా. రెండూ నిజమే అనిపించాయి.

ఇక 'మాయాబజార్' సంగతి చూద్దాం. అప్పట్లో గ్రాఫిక్స్ లేవు, కంప్యూటర్ లేదు. ఉన్నవి పెన్సిల్, కాగితం, చెక్క, రంగులు. ముందు స్కెచ్‌లు గీసేవారు, తర్వాతే సెట్ లేచేది. తెర మీద కనిపించే ద్వారకా నగరం నిజానికి 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు స్థలంలో కట్టిన నమూనా. అందులో సుమారు 300 బుల్లి ఇళ్లున్నాయి. వాటికి దీపాల వెలుగులు తెచ్చింది కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ.

శర్మ, శాస్త్రులను కింద పడేసే మంచం గుర్తుందా? పెళ్లివారిని ఆటపట్టించే కంబళి? కథలో అవి ఘటోత్కచుడి మాయలు. స్టూడియోలో మాత్రం కళాకారుల, కార్మికుల చెమట.

ఇంకో ముచ్చట. ఘటోత్కచుడి పెళ్లి విందు పాటకు గొంతునిచ్చిన మాధవపెద్ది సత్యానిదీ బ్రాహ్మణకోడూరే. ఒకే ఊరి ఇద్దరు.. ఒకరిది గొంతు, ఇంకొకరిది బొమ్మ!

అయితే గోఖలే అంటే సెట్లే కాదు. మా. గోఖలే పేరుతో కథలూ రాశారు. పల్లెల్లోని పేదల బతుకులే ఆయన కథావస్తువులు. 'బల్లకట్టు పాపయ్య' అనే పేరు వింటేనే కృష్ణా తీరం వాళ్లకు మనసు కదులుతుంది. రేపల్లె పక్కన పెనుమూడి రేవులో వంతెన వచ్చేదాకా నది దాటాలంటే పడవలు, పంట్లే దిక్కు కదా! రాజుల కోటలు కట్టిన చెయ్యే కూలివాడి కష్టాన్నీ రాసింది.

గోఖలే 1981లో కన్నుమూశారు. 2010లో 'మాయాబజార్' రంగుల్లో మళ్లీ విడుదలైంది. 2013లో ఓ జాతీయ న్యూస్ చానల్ పోల్‌లో గొప్ప భారతీయ సినిమాగా నిలిచింది. ఎన్టీఆర్, ఎస్వీఆర్, సావిత్రిల పేర్లు మార్మోగాయి. గోఖలే పేరు మాత్రం పెద్దగా వినబడలేదు.

ఎందుకంటే ఆ పనే అలాంటిది. సెట్ సెట్‌లా కనిపిస్తే తప్పు జరిగినట్టు. ద్వారకలా కనిపిస్తే కట్టినవాడు గుర్తుకే రాడు. షూటింగ్ అయ్యాక సెట్ కూల్చేస్తారు. మిగిలేది టైటిల్స్‌లో ఒక్క పేరు. మనం స్కిప్ చేసేదీ సరిగ్గా అక్కడే! ఈసారి 'మాయాబజార్' చూసేటప్పుడు ఆ కొన్ని సెకన్లు ఆగండి.. కళ అన్న మాట పక్కన ఆ పేరు కనిపిస్తుంది.