బాలహృదయాలను చదివిన విదుషి – అన్నా ఫ్రాయిడ్

పసివాని కంట నీరు కనిపిస్తే ఆకలి అనో, మొండితనమనో, దిష్టి తగిలిందనో మనం తేలికగా తీర్మానించుకుంటాము. ఆ కన్నీటి వెనుక ఒక భయమో, ఒక ఎడబాటో దాగి ఉండవచ్చుననీ, దానిని గ్రహించి మాన్పడానికి ప్రత్యేకమైన శిక్షణ కావాలనీ లోకానికి తెలియజెప్పిన మహనీయులలో అన్నా ఫ్రాయిడ్ అగ్రగణ్యురాలు.

ఆమె 1895 డిసెంబరు 3వ తేదీన ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. మనోవిశ్లేషణ శాస్త్రానికి ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్, మార్తా దంపతుల ఆరుగురు సంతానంలో ఆమె కడగొట్టు బిడ్డ. ఆమె వైద్యవిద్య అభ్యసించలేదు. తాను చదువుకొన్న పాఠశాలలోనే ఉపాధ్యాయినిగా చేరి 1920 వరకు పిల్లలకు పాఠాలు చెప్పారు. తరగతి గదియే ఆమెకు తొలి ప్రయోగశాల. 1922లో వియన్నా మనోవిశ్లేషణ సంఘంలో సభ్యురాలైనారు. మరుసటి సంవత్సరమే తండ్రికి నోటి క్యాన్సరు బయటపడింది. అది మొదలు 16 సంవత్సరాలపాటు ఆయనకు శుశ్రూష చేస్తూనే ఆమె తన కృషిని సాగించారు.

పెద్దలకు చేసే మానసిక చికిత్స పిల్లలకు యథాతథంగా పనికిరాదని 1927లో ప్రకటించిన గ్రంథంలో ఆమె వాదించారు. పిల్లవాడు తనంత తానుగా చికిత్సకు రాడు. అతడు తల్లిదండ్రుల నీడలో పెరిగే మొక్క. కాబట్టి ముందు అతని నమ్మకాన్ని చూరగొనాలి, తల్లిదండ్రులనూ గురువులనూ కలుపుకొని పోవాలి అన్నది ఆమె సిద్ధాంతం. పిల్లల ఆటలోనే మనోగతాన్ని నేరుగా చదవవచ్చునన్న మెలనీ క్లైన్‌కూ ఆమెకూ జరిగిన వాదం ఏండ్ల తరబడి సాగి, ఆ శాస్త్రాన్ని సుసంపన్నం చేసింది. మనసు తన బాధ నుండి తనను కాపాడుకొనే ఉపాయాలను 1936 నాటి గ్రంథంలో ఆమె విశదీకరించారు. తమ్ముడు పుట్టాడని లోలోపల కుమిలే బాలుడు పైకి వానిని అతిగా ముద్దాడడం అటువంటి ఉపాయమే.

1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించారు. ఆ మార్చి నెలలో రహస్య పోలీసులు అన్నాను పట్టుకొనిపోయి ప్రశ్నించి, సాయంకాలానికి విడిచిపెట్టారు. జూన్ నెలలో కుటుంబం లండను చేరింది. వియన్నాలోనే ఉండిపోయిన మేనత్తలు నలుగురు నాజీ శిబిరాలకు బలి అయ్యారు. 1939 సెప్టెంబరులో తండ్రి కన్నుమూశారు.

ఇంత దుఃఖంలోనూ ఆమె ఇతరుల బిడ్డలను మరువలేదు. లండనుపై బాంబులు కురుస్తున్న కాలంలో, 1941లో, మిత్రురాలు డొరొతీ బర్లింగ్‌హామ్‌తో కలిసి హాంప్‌స్టెడ్‌లో శిశుసదనాలు నెలకొల్పారు. బాంబుల మోత కంటె తల్లి ఎడబాటే పసివారిని ఎక్కువగా కుంగదీస్తున్నదని అక్కడ ఆమె గ్రహించారు. పిల్లలను నలుగురైదుగురి చొప్పున చిన్న కుటుంబాలుగా విభజించి, ఒక్కొక్క కుటుంబానికి ఒక మాతృమూర్తి వంటి సంరక్షకురాలిని నియమించారు. మొదట ఆ పిల్లలలో అసూయలూ కలహాలూ చెలరేగినా, త్వరలోనే మాటా నడవడీ వికసించాయి. అక్కడ పనిచేసిన యువతులు తాము చూచినదంతా కాగితంపై వ్రాసేవారు. దానిని గురించి అందరూ కలిసి చర్చించేవారు.

ఈ అనుభవమే 1947లో బాలచికిత్సకుల శిక్షణకు పునాది అయింది. 1952లో చికిత్సాలయం వెలిసింది. శిక్షణార్థి ముందుగా తన మనసును తాను విశ్లేషింపజేసుకోవాలి. ఆరోగ్యవంతులైన శిశువులను పరిశీలించాలి. అనుభవజ్ఞుల పర్యవేక్షణలోనే చికిత్స చేయాలి. తన భయాలను ఎరుగనివాడు పరుల బిడ్డ భయాన్ని ఎట్లా ఎరుగగలడు? 1982 అక్టోబరు 9న ఆమె లండనులో పరమపదించారు.

ఆమె ప్రభావం మన దేశాన్నీ తాకింది. వియన్నాలో ఆమె వద్ద శిక్షణ పొందిన ఎరిక్ ఎరిక్సన్ 1962లో అహమ్మదాబాదుకు వచ్చి, అనంతరం గాంధీజీపై 1969లో గొప్ప గ్రంథం ప్రకటించారు. బెంగుళూరులో 1954లో ఆరంభమైన మానసిక ఆరోగ్య సంస్థ 1974లో నిమ్‌హాన్స్‌గా రూపొంది, ఈ రంగంలో ఎందరికో శిక్షణ నిచ్చింది.

విద్యార్థి మిత్రులారా! మన శాలిబండ గల్లీలలో తండ్రి గల్ఫ్ దేశంలో ఉండగా పెరుగుతున్న బిడ్డలు ఎందరో ఉన్నారు. రంగు డబ్బాలలో వచ్చే బొమ్మలు తండ్రి ఒడికి సాటిరావు. మీలో రేపు ఉపాధ్యాయులయ్యేవారు, చివరి బల్లపై మౌనంగా కూర్చున్న బాలుని మొద్దు అని పిలిచే ముందు ఒక్క క్షణం ఆగండి. చికిత్స చేయడం మన పని కాదు. అది శిక్షణ పొందినవారి పని. కాని గమనించడం, ఆదరించడం, అవసరమైతే తల్లికి నచ్చజెప్పి నిపుణుని వద్దకు పంపడం మన చేతిలోని పనులే. ఒక బడిపంతులమ్మ అక్కడినుండే తన ప్రయాణం ప్రారంభించింది.